మడమ నొప్పి అంతా అలసట కాదు

విరేచనాలైనా, మూత్రంలో మంట పుట్టినా మనలో పలువురు వైద్యుని చీటీ లేకుండానే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ మాత్రలు కొని మింగుతున్నారు. ఇవి ఫ్లోరోక్వినొలోన్ వర్గపు మందులు. మొండి క్షయకు సైతం ఈ వర్గపు మందులను వాడుదురు. వాటి విలువ కాదనలేనిది. అయితే వాటి ముప్పును కూడ ఎరిగి ఉండవలెను.

వీటి వలన మడమ వెనుక త్రాడువలె ఉండే స్నాయువు వాచి, ఒక్కొక్కప్పుడు తెగిపోవచ్చును. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో దీనిని గూర్చి తీవ్రమైన హెచ్చరిక చేసినది. వేరు మందు ఉన్నప్పుడు సాధారణమైన సైనస్, మూత్ర వ్యాధులకు వీటిని వాడరాదని 2016లో సూచించినది. 60 ఏండ్లు దాటినవారికి, స్టెరాయిడ్లు వాడువారికి ప్రమాదము హెచ్చు. చేతులు, కాళ్ళలో మంట, తిమ్మిరి కలుగవచ్చును. మధుమేహులకు రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చును.

పగలెల్ల నిలబడి పనిచేయువారు మడమ నొప్పిని అలసటగా తలచి ఉపేక్షింతురు. అట్లు చేయకుడు. ఆ నొప్పి మందు మానిన కొన్ని నెలలకు కూడ రావచ్చును. మాత్రలు వాడుచుండగా నొప్పి తోచినచో వాటిని ఆపి, కాలికి విశ్రాంతినిచ్చి, వెంటనే వైద్యుని చూడుడు. ఇచ్చటి భాష రాకున్నను వెరవవలదు. మాత్రల అట్ట తీసికొనిపోయి చూపినచో వైద్యునికి విషయము తెలియును.