జొన్నకు రేషన్ షాపుల జాగ ఇయ్యాలె

(అమీర్‌పేటలో జరిగిన చిన్నరైతుల, కూలీల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ఉపన్యాస పాఠం)



సభ అయినంక ఇక్కడ్నుంచి పంజాగుట్ట దాకా నడిచి చూడుండ్రి. రోడ్డు పక్కన పొయ్యిల మీద జొన్నరొట్టెలు చేసి అమ్మే అక్కలు కనిపిస్తరు. షుగర్ ఉన్నోళ్ళు, ఆఫీసులోళ్ళు నిలబడి కొంటున్నరు. ఒకప్పుడు ఇది మన వాడల తిండని నవ్విన్రు. ఇయ్యాల పట్నం మందులెక్క తింటున్నది. మరి మెట్ట భూముల మన ఇండ్లల్ల జొన్న ఎందుకు లేదు?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, తప్పు పట్టేది లేదు. కానీ ఆ షాపుల జొన్నకు జాగ దొరకలేదు. కొనేటోడు లేక జొన్నచేను పోయి పత్తిచేను వచ్చింది. విత్తనం అప్పు, ఎరువు అప్పు, మందు అప్పు. ఇప్పుడు వాన లెక్క కూడా మారింది. నెల వాన మూడు రోజులల్ల కురుస్తది, తర్వాత చుక్క రాలదు. ఒక్కటే పంటను నమ్ముకున్నోడు ఒక్క దెబ్బకే కూలుతడు.

దీనికి జవాబు జహీరాబాద్ దిక్కు మన అక్కలు చూపిన్రు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళల్ల ఎక్కువమంది దళితులే. వాళ్ళకున్నది రాళ్ళు తేలిన చెల్క. అందులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుము కలిపి ఇత్తుతరు. ఒకటి ఎండితే ఇంకోటి నిలబడ్తది. కంది, పెసర భూమికి బలమిస్తయి. నల్లరేగడిలో యాసంగి జొన్న నేల తడితోటి, మంచుతోటి పండుతది. బోరు అక్కరలేదు. విత్తనం ఇంట్లనే బుట్టలల్ల బూడిద, వేపాకు కలిపి దాస్తరు.

1990ల నడుమ వీళ్ళు సొంత రేషన్ నడిపిన్రు. పడావు భూములు దున్నుకునేందుకు అప్పు తీసుకొని, పైసలకు బదులు జొన్నలు కట్టిన్రు. ఆ గింజలు ఊళ్ళెనే నిల్వ చేసి, లేనోళ్ళకు తక్కువ ధరకు ఇచ్చిన్రు. ఎవరు పేదోళ్ళో ఊరోళ్ళే కూసొని తేల్చిన్రు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బహుమతి మంచిదే. గింజ కొనేదెవరు?

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమల పక్కనే ముతక ధాన్యాలు కూడా రాసి ఉన్నయి. అంటే మనం అడిగేది భిక్షం కాదు, చట్టంలో ఉన్నదే. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరిపింది. 2025 ఏప్రిల్‌లో మన రేషన్‌కు సన్నబియ్యం వచ్చినయి, జొన్న రాలేదు.

అందుకే గ్రామసభల్లో తీర్మానం చెయ్యుండ్రి: మద్దతు ధరకు జొన్న ఊళ్ళెనే కొనాలె. ఆ జొన్నలే మన రేషన్ షాపుకు, అంగన్‌వాడీకి, హాస్టళ్ళకు ఇయ్యాలె.

పత్తి ఒక్కసారే ఇడువుమని చెప్తలేను, అప్పులున్నయి. వచ్చే వానకాలం అర ఎకరం తిండికి ఆపుండ్రి. విత్తనం మన అక్కల చేతుల ఉంటే షావుకారి గడప తొక్కే పని లేదు.

జైభీమ్!