వేళ్ళకు చోటు



నగర వనాల గురించి విశాఖలో మాట్లాడాలంటే 2014 అక్టోబరు 12 దగ్గరే మొదలుపెట్టాలి. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన మర్నాడు ఊరంతా కూలిన చెట్లే. కైలాసగిరి బోడికొండలా మిగిలింది. అందరూ పోయిన నీడను తలుచుకుని బాధపడుతుంటే, నేను పెకలిన మొదళ్ళ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఎన్నో చెట్ల వేళ్ళు పళ్ళెంలా పరుచుకున్నాయే గాని లోతుకు దిగలేదు. ఒక పక్క మురుగుకాలువ గోడ, మరో పక్క కాలిబాట రాళ్ళు, మొదలు చుట్టూ సిమెంటు. పాపం, అవి ఎటు పోతాయి?

మా వీధిలో ఒక కానుగ ఉండేది. ఒక ఎండాకాలం గొట్టాలు వేయడానికి దాని మొదలుకు జానెడు దూరంలో కందకం తవ్వారు. మణికట్టంత వేళ్ళను పలుగుతో తెగ్గొట్టి, మట్టి పూడ్చి వెళ్ళిపోయారు. కొమ్మ ఒక్కటీ విరగలేదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. తొలకరి గాలికి ఆ చెట్టు తెగిన వేళ్ళకు ఎదురుగా ఒరిగి పడిపోయింది. చెట్టు కొట్టాలంటే అనుమతి అడిగే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. వేళ్ళు కోసినవాణ్ణి నిలదీసేవారు మాత్రం వీధిలో కనబడరు.

తెలంగాణ 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. మంచి మాట. అయితే అది మొక్కల లెక్క. ముప్ఫై ఏళ్ళుగా నీడనిస్తున్న చెట్టుకూ ఒక పద్దు కావాలి: అది ఏ జాతి, మొదలు చుట్టుకొలత ఎంత, దాని చుట్టూ మట్టి ఎంత మిగిలింది, పైన తీగలున్నాయా? ఈ నాలుగూ రాసుకోకుండా వేసే ప్రణాళికను నేను నమ్మను. కరెంటు తీగల కింద నిద్రగన్నేరు నాటి, ఏటా ఒకవైపే కొమ్మలు నరికి, మిగిలిన వైపు బరువుకు అది రోడ్డు మీదికి వాలితే ప్రమాదకరమని కొట్టేస్తున్నాం. తుపాను తర్వాత ఈ ఊళ్ళో ఏడాకుల పాల విరివిగా నాటారు. అది పూసే రోజుల్లో ఆ ఘాటు వాసనకు ఇబ్బందిపడేవాళ్ళు ఎందరో. నాటేముందు ఆ వీధివాళ్ళను ఒక్కమాట అడిగారా?

అడగడం మనకు కొత్తేమీ కాదు. 1990లలో వన సంరక్షణ సమితులు పెట్టి, అడవి అంచు పల్లెలకు కాపలాలోనూ ఫలసాయంలోనూ భాగమిచ్చిన నేల ఇది. పట్నంలో కాలనీకి ఆపాటి చోటైనా ఇవ్వలేదు. మొక్క నాటే రోజున ఫొటోకు పిలుస్తారు, కందకం తవ్వే రోజున పిలవరు. నిజానికి పిలవాల్సింది ఆ రెండో రోజునే.

చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ అధికారులను ఆదేశించింది. మనం ఆదేశం కోసం ఎదురుచూడాలా? వేళ్ళ విలువ చెప్పే సాక్షి మన దగ్గరే ఉంది. 1908 సెప్టెంబరు మూసీ వరదలో దాదాపు 150 మంది ప్రాణాలు నిలిపిన చింతచెట్టు హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆనాడు అంతమంది బరువునూ, ఆ ప్రవాహాన్నీ కలిపి మోసినవి దాని వేళ్ళు.

సాయంత్రం ఈ సభ తీర్మానాల వేళ నేను ఒక్కటే ప్రతిపాదిస్తాను. వచ్చే సభకు ప్రతి ప్రతినిధీ తన వీధి చెట్ల పద్దు రాసి తేవాలి, ఆ వీధివాళ్ళు పిలిచే పేర్లతోనే.