పెట్టెలో బొమ్మలు, పెద్దమ్మ నోట్లో పాటలు



మాది ధర్మవరం మండలం నిమ్మలకుంట. మా ఊరి తోలుబొమ్మలు మీకు తెలిసినవే. 2020లో మా ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ కూడా వచ్చింది. మా సంఘంలో అందరమూ మేకతోలు మీద ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేసేవాళ్లమే. ఇప్పుడు ఎక్కువగా చేసేది లాంపు షేడ్లు. సరస్ మేళాల్లో అవే అమ్ముడుపోతాయి. అప్పు కంతులు కట్టేదీ వాటితోనే, దాంట్లో దాచేదేముంది.

ఈ ఏడు చేసిన ఇంకో పని చెప్తాము. మా సభ్యురాలు ఒకామె మామగారు ఊరూరా ఆట ఆడిన మనిషి. ఆయన పోయినాక పాత బొమ్మల పెట్టె మిగిలింది. మనిషెత్తు రాముడు, పది తలల రావణుడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అందరూ అందులో ఉన్నారు. ఒక వ్యాపారి వచ్చి పెట్టెతో సహా కొంటానన్నాడు. ఆ ఇంటి పాప కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజులవి. అమ్మొద్దని నోటితో చెప్పడం ఎవరికైనా సులువే. అందుకే మీటింగులో తీర్మానం రాసి, ఫీజుకు సంఘం నుంచే అప్పు ఇచ్చినాము. పెట్టె నిలిచింది.

తెరిచి చూస్తే కొన్నిటికి పురుగు పట్టింది, కొన్ని చెమ్మకు ముడుచుకున్నాయి. చినిగినచోట తోలు ముక్క పెట్టి కుట్టినాము, చేతుల కీళ్లకు కొత్త దారాలు కట్టినాము. పాత రంగు మీద మాత్రం కొత్త రంగు వేయలేదు. మెరిస్తే బాగుంటుందని పిల్లలు అన్నారు గానీ, ఆ గీత ఆయన చేతిది.

బొమ్మలు సరే, పాటలు? ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. ఆడ పాత్రలకు గొంతు ఇచ్చింది ఆయన భార్య. మేమందరం పెద్దమ్మ అంటాము. సీత పాటలు, బంగారక్క తిట్లు ఆమెకు ఇంకా నోటికే ఉన్నాయి. కానీ ఫోను ముందు పెట్టి పాడమంటే ఒక్కటీ గుర్తుకురాదు. తెర కట్టి, వెనక లైటు వేసి, బొమ్మ చేతికిస్తే వరుసగా వచ్చేస్తాయి. అందుకని పొదుపు మీటింగు అయినాక రాత్రి తెర కడుతున్నాము. ఒకరు రికార్డు చేస్తారు, ఆ ఇంటి పాప మాటలు నోటుబుక్కులో రాస్తుంది. మా ఇండ్లల్లో మాట్లాడేది మరాఠీ, ఆటేమో తెలుగు. కొన్ని మాటలకు అర్థం పెద్దమ్మనే అడగాల్సి వస్తోంది.

ఇప్పటికి సుందరకాండ వరకు వచ్చినాము. యుద్ధకాండ మిగిలింది. పెద్దమ్మకు ఈ మధ్య ఆయాసం ఎక్కువైంది, జనం ముందు కూర్చుంటే మాత్రం గొంతు లేస్తుంది. మీ ఊర్లో జాతర ఉంటే మమ్మల్ని ఈ ఏడే పిలవండి. తెర, బొమ్మలు మేమే తెచ్చుకుంటాము. కరెంటు, రాత్రికి అన్నం మీరు చూసుకుంటే చాలు.