ఇనుము తక్కువైనా తిప్పలే, ఎక్కువైనా తిప్పలే



చిల్కూరు, మొయినాబాదు, చేవెళ్ల దిక్కు కూరగాయలు, పూలు పండిస్తారు. నీళ్లు చాలకపోతే మొక్క వాడిపోతుంది. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. ఒంట్లో ఇనుము సంగతి కూడా ఇంతే.

ఒక ఇల్లు అనుకోండి. కోడలు గర్భిణి. నర్సమ్మ ఆమెకు ఇనుము గోలీలు ఇచ్చింది.

"అత్తమ్మా, ఇనుము ఎక్కువైతే షుగరొస్తదట. ఈ గోలీలు నాకొద్దు" అన్నది కోడలు.

"పారేసుడెందుకు బిడ్డా? నాకూ నీరసంగనే ఉంది. నేను మింగుత" అన్నది అత్త.

ఇద్దరూ పొరపాటే చేశారు. ఎట్లా?

కోడలి సంగతి చూడండి. ఇనుము లేనిదే ఒంట్లో రక్తం పట్టదు. రక్తం తక్కువైతే ఆయాసం, కళ్లు తిరగడం. కాన్పులో తల్లి ప్రాణానికే ముప్పు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. 2019-21లో దేశమంతటా ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. అందుకే గర్భిణులకు రోజుకొక గోలీ చొప్పున 180 రోజులు ఇస్తారు. కాన్పయ్యాక మరో 180 రోజులు. షుగరు భయంతో వీటిని మానకూడదు.

మరి అత్త సంగతి? ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు. ముట్టయ్యే వయసులో నెలనెలా రక్తంతో కొంత పోతుంది. ముట్లు ఆగినాక ఆ దారీ మూసుకుంటుంది. ఇనుము నిల్వ పెరుగుతుంది.

కడుపులో క్లోమం అనే అవయవం ఉంది. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ అక్కడే తయారవుతుంది. ఇనుము మరీ ఎక్కువైతే క్లోమం దెబ్బతింటుంది. తలసేమియా జబ్బున్న పిల్లలకు మాటిమాటికీ రక్తం ఎక్కిస్తారు. ఆ రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుంటుంది. దానివల్ల కొందరికి షుగరు వస్తుంది. అందుకే ఇనుమును బయటికి పంపే మందులు వాళ్లకు ఇస్తారు.

మామూలు మనుషుల్లో కూడా ఇనుము నిల్వ ఎక్కువున్నవాళ్లకు షుగరు ఎక్కువగా ఉన్నట్టు చాలా దేశాల పరిశోధనల్లో కనబడింది. అయితే షుగరుకు ఇనుమొక్కటే కారణం కాదు. బరువు, ఒంటికి పని లేకపోవడం, వంశంలో ఉండడం కూడా కారణాలే. కాలేయానికి కొవ్వు పట్టినా, ఒంట్లో వాపు ఉన్నా నిల్వ పరీక్షలో అంకె పెరుగుతుంది.

కాబట్టి అత్త చేయవలసింది ఏమిటి? నీరసం ఎందుకో దవాఖానలో చూపించుకోవాలి. షుగరున్నా నీరసం వస్తుంది, రక్తం తక్కువైనా వస్తుంది. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఒకరి గోలీలు ఇంకొకరు మింగరాదు. దుకాణంలో టానిక్కు కొని తాగరాదు.

చదువు వచ్చింది కదా! పరీక్ష కాగితం మీరే చూడండి. హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11 అయినా ఉండాలి. పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే మంచిది. 126 దాటితే షుగరు కావచ్చు, డాక్టరును కలవాలి. మూడు నెలల షుగరు పరీక్ష చేయించుకుంటే, రక్తం తక్కువున్న సంగతి డాక్టరుకు చెప్పండి. రక్తం తక్కువైతే ఆ పరీక్షలో అంకె మారవచ్చు.

తోటకూర, మునగాకు, సజ్జరొట్టె తినండి. పైన నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు.

చిల్కూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు చేసేవాళ్లు లెక్క తప్పకుండా కాగితం మీద గీత పెట్టుకుంటారు. కోడలు కూడా గోలీ మింగిన రోజు క్యాలెండరులో ఒక గీత పెట్టాలి. ఆ గీతలను అత్తే లెక్క చూడాలి. గోలీ మాత్రం కోడలే మింగాలి!