దూరప్రయాణము - రేవుల లెక్క



దూరప్రయాణమునకు సిద్ధమగువారిని మనము మొదట అడుగు ప్రశ్న "ఎంత దూరము?" అని. అడుగవలసినదే. కాని దానికి ముందు "దారిలో ఎన్ని రేవులు?" అని అడుగుట మేలు. బాట చెడినచో ఒకపూట ఆలస్యమగును. రేవు నిలిచినచో ప్రయాణమే నిలిచిపోవును. కావున బహుదేశములు దాటిపోవువాడు తన ప్రణాళికను రేవులనుండి ఆరంభింపవలెనని నేడు మనవి చేయదలచితిని.

ఈ మాట కొల్లేటిసీమవారికి క్రొత్తది కాదు. ఏలూరునుండి కొల్లేటి లంకలకు దూరము స్వల్పమే. అయినను తాటిదోనె దొరకనినాడు ఆ స్వల్పదూరమే కాశీ యగుచుండెడిది. తాడేపల్లిగూడెమువారి పూర్వులకు మరియొక అనుభవము కలదు. 1893 నాటికి బెజవాడనుండి ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా కొవ్వూరువరకు రైలు వచ్చినది. గోదావరిపై వంతెన మాత్రము 1900లో గాని పూర్తికాలేదు. ఆ నడిమి యేండ్లలో రాజమహేంద్రవరము పోవువారు కొవ్వూరున దిగి, సామాను మోయించుకొని, నావపై నదిని దాటవలసి యుండెను. రైలు కాలము కాగితముపై నుండెను; నది కాలము నదియొద్దనే యుండెను.

రేవుల లెక్క తెలిసి చేసిన మహాప్రయాణమునకు మన భాషలోనే గొప్ప నిదర్శనము కలదు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాషీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన ఇంచుమించు నూరుమంది పరివారముతో కాశీకి బయలుదేరిరి. 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరిరి. దారిలో తాము చూచినదానిని మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచుండగా, అది 1838లో 'కాశీయాత్రచరిత్ర'గా అచ్చుపడినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించిరి.

ఆనాడు అది ఒక్క దేశమున చేసిన యాత్ర కాదు. కుంఫిణీవారి సీమ, కందనవోలు నవాబు సీమ, నైజాము రాజ్యము, నాగపురపు భోసలేల రాజ్యము దాటి పోవలెను. పెన్న, కృష్ణ, గోదావరి నదులను పోవునప్పుడు ఎగువదేశమున నొకమారు, వచ్చునప్పుడు తీరదేశమున నొకమారు దాటవలెను. ఇవిగాక నర్మద, గంగ, మహానది కలవు. అప్పటికి ధవళేశ్వరపు ఆనకట్ట లేదు, బెజవాడ ఆనకట్ట లేదు, ఏలూరు కాలువ లేదు. "కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే" యని జనులు అనుకొనుచుండిన కాలమది. అట్టి కాలమున నూరుమంది ప్రాణములకు పూచీపడినవాడు ఏమి చేసెను? నేటి మజిలీనుండి రేపటి మజిలీకి దూరమెంత, అంగళ్లు కలవా, నీరు కలదా, నడుమ వాగు కలదా, నది కలదా - యని దినదినము విచారించి వ్రాసికొనెను. ఆ గ్రంథము విలువలో సగము ఈ విచారణయందే కలదు.

దానినిబట్టి మనము నాలుగు సంగతులు నేర్చుకొనవచ్చును.

మొదటిది: రేవు ఉన్నదా, అది ఏమి మోయును? ఒకప్పుడు ఉన్న రేవు నేడు ఉండునని నమ్మరాదు. 1914నుండి ధనుష్కోటివరకు రైలులో పోయి, అచటినుండి ఓడపై తలైమన్నారు చేరి, లంకలో మరల రైలెక్కుచుండిరి. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోటి నాశనమైనది. ఆ దారియు దానితోనే పోయినది. 2023 అక్టోబరులో నాగపట్టణమునుండి కాంకేసంతురైకు ఓడ ఆరంభమైనది గాని అది ప్రయాణికుల ఓడ. మనిషిని మోయు ఓడ బండిని మోయునని తలంపరాదు. నరసాపురపు రేవున పంటుపై మోటారుబండి నెక్కించుట చూచినవారికి ఈ భేదము వివరింపనక్కరలేదు.

రెండవది: ఋతువు. రేవున కనబడు నీరు ఆ రేవున కురిసిన నీరు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. ఆ నీరు పిదప కొల్లేటికే దిగివచ్చినది. ఇచట ఆకాశము నిర్మలముగా నున్నను ఎగువవాన దిగువవాని త్రోవ మూయును. కావున దాటబోవు నదికి ఎగువన వానలు ఎప్పుడు పడునో తెలిసికొని ప్రయాణదినము నిర్ణయింపవలెను. వీరాస్వామయ్యగారు వేసవి చివర కదలినందున దక్కనుభూములలో వర్షకాలమే వారిని కలిసికొన్నది.

మూడవది: పత్రములు, సుంకములు. ఆ దినములలో ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములందు కుంఫిణీవారు యాత్రికులయొద్ద పన్ను గైకొనుచుండిరి. అది 1840లో తొలగినది. నేడు దేశము దాటుటకు పాస్‌పోర్టు, వీసా కావలెను. సొంత కారుతో పోవువానిని పెక్కు దేశములు, బండిని అచట అమ్మక మరల వెలుపలికి కొనిపోవుదునని పూచీపడు పత్రమును అడుగును. దానిని కార్నే అందురు. ఓడరేవులోనే ఈ కాగితములన్నియు చూతురు గనుక, ఒక్కటి తక్కువైనను ఓడ పోవును, మనము నిలుతుము.

నాలుగవది: మిగులు దినములు. 1957 ఏప్రిలులో లండనున బయలుదేరిన బస్సొకటి జూనులో కలకత్తా చేరినది. ఇంగ్లాండు, ఫ్రాన్సుల నడిమి సముద్రమును అది ఓడమీదనే దాటవలసివచ్చెను. తుర్కీలో ఐరోపా, ఆసియాలను వేరుచేయు జలసంధిపై తొలి వంతెన 1973లో గాని రాలేదు. ఇట్టి దారిని పోవువాడు దినములను బిగించి లెక్కవేసినచో, మొదటి రేవున కలిగిన ఆలస్యము తక్కిన రేవులన్నిటిని చెడగొట్టును. ప్రతి పెద్ద రేవునకు ఒకటి రెండు దినములును, ఆ దినములకు చాలిన రొక్కమును విడిగా ఉంచుకొనుట వివేకము.

ఇది సౌకర్యమునకు మాత్రమే చెప్పుమాట కాదు. దినములు మిగులు లేనివాడే రేవున సాహసించును. "నేడు దాటకున్న అంతయు చెడును" అను తొందరలో పోటెత్తిన నదిని, నిండిన నావను లెక్కచేయడు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరువద్ద వరదగోదావరిలో విహారపు నావ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిన సంగతి మనకు మరపురానిది. వరద పోవువరకు ఆగిన యాత్రికునకు పోయినది కొద్ది దినములే.

ఇప్పటి పిల్లలు చేతిలోని ఫోనున త్రోవ చూతురు. అది దూరము చెప్పును, మలుపులు చెప్పును, మెచ్చవలసినదే. మీ మనుమడో మనుమరాలో అట్లు త్రోవ చూపి సెలవు కోరినప్పుడు, ఒక కాగితము తెప్పించి మొదట రేవుల పేర్లు వ్రాయింపుడు. ఒక్కొక్క పేరు ప్రక్కన ఈ నాలుగు సంగతులు వ్రాయింపుడు. ఏ గడి ఖాళీగా నుండునో అచట ఇంకను విచారింపవలసియున్నదని తెలియును. అది నిండిన పిమ్మట ఊళ్లు, బసలు, చూడదగిన స్థలములు వ్రాసికొనవచ్చును. చివరగా, ఏ రేవునైనను నావికుడు "నేడు వద్దు" అనినచో ఆగి రమ్మని చెప్పి పంపుడు. నీటి నడుమ బ్రదికిన పెద్దలు చెప్పినమాట గనుక, వారు తప్పక విందురు.