తాత పేరు మీద ఉన్న భూమి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే వాళ్ళకు భూసేకరణతో ఏం పని అని మీలో కొందరు అనుకొంటూ ఉండవచ్చును. పని ఉన్నది. నిజాం కాలంలో ఈ ప్రాంతపు రెవెన్యూ కాగితాలు చాలావరకు ఉర్దూలోనే రాసేవారు. సేత్వార్, ఫైసల్ పట్టీ, పాత పహాణీలు, అమ్మకపు దస్తావేజులు ఎక్కువగా ఆ లిపిలోనివే. ఇప్పుడు వాటిని చదివేవారు ఊరికి ఒకరు దొరకడం కష్టమైంది. అందువల్ల రోడ్డుకో, కాలువకో, రిజర్వాయరుకో భూమి తీసుకొంటారని వార్త పుట్టగానే జనం రేకు పెట్టెలు తెరిచి, ఆ కాగితాలు పట్టుకొని బడికి వస్తారు. వచ్చేవారిలో మనవాళ్ళకంటె ఇతరులే ఎక్కువ.

ఒకనాడు ఒక ముసలి రైతు వచ్చినాడు. "సార్, ఇండ్ల మా తాత పేరున్నదా, జర సదివి చెప్పున్రి" అన్నాడు. గొలుసుకట్టు రాత, మడత పెట్టిన చోట చిరుగు. మెల్లగా కూడబలుక్కొని చదివినాము. ఖుష్కీ ఇంత, తరీ ఇంత, సర్వే నంబరు ఇది, పట్టాదారు ఫలానా. తాత పేరు ఉన్నది. ఆయన మళ్ళీ ఒకసారి చదివించుకొన్నాడు. తరువాత మేము అడిగినాము: "తాత పోయినాక మీ నాయన పేరుకు ఎక్కించినారా? నాయన పోయినాక మీ పేరుకు?" ఆయన ఏమీ మాట్లాడలేదు.

ఈ రోజు మేము మీకు చెప్పదలచుకొన్నది ఇదే. భూమి పోయేది ప్రభుత్వం జెండాలు పాతిన రోజున అని అనుకొంటాము. కాని చాలా కుటుంబాలలో అది అంతకు ముప్పయి ఏండ్ల ముందే, విరాసత్ చేయించుకోని రోజున, సగం పోయి ఉంటుంది. నోటీసు చనిపోయినవారి పేరు మీద వస్తుంది. పంచాయతీ గోడకు అంటిస్తారు. నాది అని ఎవరూ చదవరు, గడువు దాటిపోతుంది. ఆ పైన అన్నదమ్ములు, వారి పిల్లలు వాటాల కోసం తగాదా పడితే డబ్బు ఎవరి చేతికీ రాదు, తగువు తేలేదాకా అథారిటీ దగ్గర జమ అయి ఉంటుంది.

ఇంకొకరి సంగతి ఎందుకు, మా ఇంటి సంగతే మనవి చేస్తాము. మేము ఏడో తరగతి చదివే రోజులలో మాకున్న మూడెకరాల పన్నెండు గుంటలలో సగానికి పైగా కాలువ కింద పోయింది. అప్పుడు 1894 నాటి చట్టం అమలులో ఉండేది. మా అబ్బాజాన్ చూపించిన చోటల్లా సంతకం పెట్టి డబ్బు తెచ్చుకొన్నారు. పక్క చేను ఆసామి మాత్రం సంతకం పైన "అభ్యంతరంతో పుచ్చుకొంటున్నాను" అని ఒక ముక్క రాసినాడు. ఆ ముక్క రాసినవారికే ఎక్కువ పరిహారం కోసం కోర్టుకు పంపమని అడిగే హక్కు ఉండేది. ఆయన కోర్టుకు పోయి ఎక్కువ తెచ్చుకొన్నాడు. కోర్టు అలా పెంచితే, అదే నోటిఫికేషన్ కింద భూమి పోయిన తక్కినవారు కూడా మూడు నెలల లోపల దరఖాస్తు పెట్టుకోవచ్చునని 1984లో చట్టానికి సవరణ వచ్చింది. అదీ మాకు తెలియదు. తెలిసేసరికి మూడు నెలలు కాదు, మూడేండ్లు గడిచినవి. అబ్బాజాన్ ఎవరినీ తిట్టలేదు. "చదువుకొన్న కొడుకు అప్పటికి లేడు గదా" అని మాత్రం అనేవారు. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని వదలలేదు.

ఇప్పుడు చట్టం మారింది. 2013లో చేసిన కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఇందులో రైతుకు మేలు చేసే అంశాలు ఉన్నవి. భూమి తీసుకొనే ముందు ఆ పని వల్ల ఊరికి ఏం జరుగుతుందో విచారించాలి. గ్రామసభను అడగాలి. ప్రైవేటు కంపెనీకైతే భూమి కోల్పోయే కుటుంబాలలో నూటికి 80 మంది ఒప్పుకోవాలి, ప్రభుత్వము, ప్రైవేటు కలిసి చేసే పనికైతే 70 మంది. రెండు పంటలు పండే నీటి వసతి భూమిని చిట్టచివరి మార్గంగానే ముట్టాలి. ఐతే మన తెలంగాణలో 2017లో వచ్చిన సవరణ వల్ల కొన్ని రకాల పనులకు ఈ విచారణ నుండి మినహాయింపు ఇవ్వవచ్చును, ఇష్టపూర్వక ఒప్పందం మీద కూడా భూమి తీసుకోవచ్చును. కనుక 'ఇష్టపూర్వకం' అని రాసిన కాగితం మీద ఇష్టం లేకుండా సంతకం పెట్టవద్దని మా మనవి.

గుర్తు పెట్టుకోవలసిన గడువులు రెండే. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన నాటినుండి 60 రోజుల లోపల రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చును. చెప్పినవారిని పిలిచి వినాలి. పరిహారం అవార్డు ఇచ్చినాక చాలదనుకొంటే ఆరు వారాల లోపల అథారిటీకి పంపమని అడగవచ్చును. డబ్బు తీసుకొనేటప్పుడు "అభ్యంతరంతో" అనే ఆ ముక్క మాత్రం ఈ చట్టంలోనూ కావాలి.

పరిహారం ఎట్లా లెక్క కడతారో కూడా వినండి. ముందు మార్కెట్ ధర చూస్తారు. పల్లెలలో దానిని పట్టణం నుండి దూరాన్ని బట్టి ఒకటి నుండి రెండింతల వరకు పెంచుతారు. చెట్లు, బావులు, కట్టడాల విలువ కలుపుతారు. అంతా కలిపిన దానికి సమానంగా ఇంకొక నూరు శాతం సొలేషియం. వినడానికి బాగానే ఉన్నది. కాని ఆ మార్కెట్ ధర తేల్చేది చుట్టుపక్కల రిజిస్ట్రేషన్లను చూసి. స్టాంపు ఖర్చు మిగులుతుందని మనమే పది లక్షల భూమిని మూడు లక్షలని రాయిస్తాము. ఆ రాతే రేపు మన మెడకు, పక్కవాని మెడకు చుట్టుకొంటుంది.

పోరాడి భూమి తిరిగి తెచ్చుకొన్నవారు లేరా? ఉన్నారు. పశ్చిమ బెంగాల్ లోని సింగూరులో కార్ల ఫ్యాక్టరీకి తీసుకొన్న 997 ఎకరాల సేకరణ చెల్లదని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కొట్టివేసి, భూమి రైతులకు తిరిగి ఇమ్మన్నది. ఐతే పదేండ్లు పట్టింది. మన సిద్దిపేట జిల్లాలో వేములఘాట్ జనం కూడా ఎన్నో నెలలు దీక్షలు చేసినారు, ఆ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ళ కింద ఉన్నది. అంటే పోరాడినవారందరూ గెలుస్తారని కాదు. పేరు, కాగితము, గడువు మూడూ చేతిలో లేనివారు పోరాటం మొదలుపెట్టడానికే నోచుకోరు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. విరాసత్ ఆలస్యం కావడానికి తహసీలు ఆఫీసు ఒక్కటే కారణం కాదు. చెల్లెండ్ల వాటా రాయవలసి వస్తుందని మనం వెనుకాడుతున్నాము. కొడుకుకు రెండు పాళ్ళైతే కూతురుకు ఒక పాలు అని షరియత్ చెప్పింది. ఆ పాలు రాయకుండా దాచిపెట్టినవాడు, రేపు ప్రభుత్వం అన్యాయం చేసిందని ఏ నోటితో అంటాడు? నష్టపరిహారం వచ్చిన రోజున ఆ చెల్లెలు కోర్టుకు పోతే తప్పు ఆమెది కాదు గదా. ఖురాన్ లోని ఆయత్ లన్నిటిలోకి పెద్దది అప్పు లావాదేవీలను రాసి పెట్టుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని చెప్పే ఆయత్. రాతకు అంత విలువ ఇచ్చిన వాళ్ళం, తాత చేను కాగితాన్ని చెదలకు వదలిపెడుతున్నాము.

కనుక మూడు పనులు చేద్దాము. మొదటిది, ఈ సంవత్సరమే ప్రతి ఇంటిలోను పాసుపుస్తకం తీసి చూడండి. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పుస్తకాలు మారినా చనిపోయినవారి పేరు దానంతట అది మారదు. రెండవది, పాత ఉర్దూ కాగితాల సర్టిఫైడ్ నకళ్ళు తీసుకోండి. వాటిలో ఫసలీ సంవత్సరం ఉంటే సుమారు 590 కలుపుకొంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1364 ఫసలీ అంటే 1954-55, ఖాస్రా పహాణీ రాసిన ఏడు. మూడవది, ఈ సంఘం గదిలో ప్రతి ఆదివారం జొహర్ తరువాత మేము, మా తోటి ఉపాధ్యాయులు కూర్చొంటాము. కాగితం తెచ్చినవారు ఏ కులమువారైనా, ఏ మతమువారైనా చదివి తెలుగులో రాసి ఇస్తాము. మా రాత కోర్టులో చెల్లదు, అక్కడికి అధికారిక అనువాదం కావాలి. కాని పెట్టెలో ఏముందో ముందు ఇంటివారికి తెలియాలి గదా.

పెద్ద తరగతుల పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకొంటాము. ఆ లిపి చదివే పని మాతో ఆగిపోకూడదు. "చదువుకొన్న కొడుకు లేడు" అని ఇంకొక తండ్రి అనవలసిన అవసరం రాకుండా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.

 వచ్చే ఆదివారం పెట్టె తాళంచెవి వెతికి తీసుకొని రండి.