గేటు కాడ మాట చాలదు, కాగితం చూపించు
(అనంతపురంలో పార్కులు, ఆటమైదానాల సమస్యపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి, నిధుల గురించి, ఉద్యోగాల గురించి మనం చాలాసార్లు కూర్చొని మాట్లాడుకున్నాం. ఈసారి పార్కు గేటు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. "కరువు జిల్లాలో పార్కు ముచ్చటేందన్నా?" అన్నారు. నేను తిరిగి అడుగుతున్నా. కరువు జిల్లాలో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడాలి? ఏడాది మొత్తమ్మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పగా చెప్పుకునే నేల మనది. ఇక్కడ నాలుగు చెట్ల నీడ, ఒక కుళాయి, కూర్చోవడానికి ఒక అరుగు ఉన్న చోటు అంటే అది విలాసం కాదు, అవసరం.

డబ్బున్నవానికి క్లబ్బు ఉంది, ఇంట్లో ఏసీ ఉంది. రెండు గదుల ఇంట్లో ఆరుగురు సర్దుకుని బతికేవానికి ఏముంది? డాక్టరు రోజూ నడవమని చెప్పిన షుగరు రోగికి ఏముంది? కానిస్టేబుల్ పరీక్షకు పరుగు సాధన చేసే పల్లె పిల్లోనికి, సాయంత్రం ఒక గంట ఇంటి చాకిరీ నుంచి బయటపడదామనుకునే ఆడమనిషికి ఏముంది? మున్సిపల్ పార్కు ఉంది, కాలేజీ గ్రౌండు ఉంది, స్టేడియం ఉంది. ఆ గేటు కూడా మూస్తే మిగిలేది రోడ్డు.

ఆ గేటు ఎట్లా మూస్తారో మీకందరికీ తెలుసు.

"ఏమప్పా, లోపలికి పోనీవా?"
"నీకు లేదంట."
"ఎవురు చెప్పినారు?"
"సారు చెప్పినాడు."
"ఏ సారు?"
"పైనుంచి ఆర్డరు."

అంతే! ఆ 'పైనుంచి' అనే మాటకు పేరు ఉండదు, సంతకం ఉండదు, తేదీ ఉండదు. వాచ్‌మన్‌ను తిట్టి లాభం లేదు. అతడు కాంట్రాక్టు కూలీ. చెప్పింది చెయ్యకపోతే రేపు అతని పని పోతుంది. మన కొట్లాట అతనితో కాదు, అతని వెనక దాక్కున్న సారుతో.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రజల సొమ్ముతో నడిచే చోటికి ఒక మనిషిని రావద్దనాలంటే అది కాగితం మీద ఉండాలి. ఎవరు వద్దన్నారు? ఏ అధికారంతో? ఏ కారణంతో? ఎన్నాళ్లు? ఈ నాలుగింటికీ జవాబు లేని నిషేధం, నిషేధం కాదు. దౌర్జన్యం.

ఇది నా సొంత కవిత్వం కాదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం తీసి చూడండి. ప్రభుత్వ నిధులతో పూర్తిగా గానీ కొంత గానీ నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం వచ్చిపోయే స్థలాలు – వీటిలోకి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదని అందులో ఉంది. ఈ అయిదు కాక వేరే కారణం చెబితే? అప్పుడు 14వ అధికరణం ఉంది. ఇష్టమొచ్చినట్టు ఒకరికొక న్యాయం, ఇంకొకరికొక న్యాయం కుదరదు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటి? మనిషి హక్కును తగ్గించే ముందు అతని మాట వినాలి. అంతకు ముందు 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో ఇంకో మాట చెప్పింది. ఆర్డరు దానిలో రాసిన కారణాల మీదే నిలబడాలి, తర్వాత కోర్టుకొచ్చి కొత్త కారణాలు అతికిస్తే చెల్లదు. మరి రాయనే రాయని ఆర్డరు దేని మీద నిలబడుతుంది?

ఈ పోరాటం ఇవాళ పుట్టింది కాదు. మహారాష్ట్రలో మహాడ్ ఉంది. అక్కడి చవదార్ చెరువు మున్సిపాలిటీది. ప్రజల చెరువులు, బావులు అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా సరేనంది. కాగితం వచ్చింది, కానీ నీళ్లు ముట్టనియ్యలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగారు. తాగినందుకు దెబ్బలు తిన్నారు. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. కేసు కోర్టుకెక్కింది. బొంబాయి హైకోర్టులో గెలుపు వచ్చేసరికి 1937. పదేళ్లు! ఒట్టి కాగితంతో పని కాలేదు, ఒట్టి నడకతోనూ కాలేదు. రెండూ కలిస్తేనే అయింది.

ఇక మన తెలుగు గడ్డకు వద్దాం. హైదరాబాదు ఇందిరా పార్కు మీకు తెలుసు. 2021 ఆగస్టులో ఆ పార్కు గేటుకు ఒక బ్యానరు కట్టారు. పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదంట! పెళ్లయిందో లేదో గేటు కాడ ఎట్లా తేలుస్తారు? లగ్నపత్రిక చూపించాలా? తాళిబొట్టు లాగి చూస్తారా? అన్నాచెల్లెలు వస్తే రేషన్ కార్డు తేవాలా? సామాజిక కార్యకర్త మీరా సంఘమిత్ర లాంటివాళ్లు ఇది రాజ్యాంగ విరుద్ధమని బహిరంగంగా ప్రశ్నించారు. కార్పొరేషన్ అధికారులు బ్యానరు పీకేసి, విచారం వెలిబుచ్చారు. కోర్టు దాకా పోనక్కరలేకపోయింది. ఎందుకంటే ఆ బ్యానరు వెనక చట్టం లేదు. అడిగేవాళ్లు లేనంతసేపే దానికి బలం.

అదే పార్కు పక్కన ధర్నా చౌక్ ఉంది. మనం, ఉద్యమాల్లో ఉన్నవాళ్లం, చెవులు రిక్కించి వినాల్సిన కథ అది. తెలంగాణ రాష్ట్రం కావాలని ఎన్ని దీక్షలు, ఎన్ని సభలు అక్కడ జరిగాయి! 2014లో రాష్ట్రం వచ్చింది. 2017లో, ఆ ఉద్యమంలోంచి వచ్చిన ప్రభుత్వమే, ఇక్కడ ధర్నాలు వద్దని, ఊరి బయట స్థలాలు చూపించింది. కారణం? స్థానికులకు, నడకకు వచ్చేవాళ్లకు ఇబ్బంది అంట! ఆ ఏడాది మే 15న నిషేధాన్ని ధిక్కరించి జనం చౌక్‌కు చేరితే, ధర్నాలు వద్దని ప్లకార్డులు పట్టుకున్న స్థానికులు ఎదురయ్యారు. అందులో మామూలు దుస్తుల్లో పోలీసులు కూడా ఉన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. చివరికి 2018లో హైకోర్టు చెప్పాక చౌక్ మళ్లీ తెరుచుకుంది. నడిచేవాని పేరు చెప్పి నినదించేవాణ్ణి తరిమారు. రేపు ఇంకొకని పేరు చెప్పి నడిచేవాణ్ణీ తరుముతారు.

అందుకే చెబుతున్నా. రాష్ట్రం వస్తే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయని ఎవరూ నమ్మొద్దు. సారు మారతాడు, 'పైనుంచి' అనే మాట మారదు. అడిగే అలవాటు ఇప్పుడే నేర్చుకోకపోతే అప్పుడు అస్సలు రాదు.

మరి ఏం చెయ్యాలి? వరసగా చెబుతా, రాసుకోండి.

ఒకటి. గేటు కాడ గొడవ పడొద్దు. తేదీ, టైము, ఏ గేటు, ఏమన్నారు – రాసుకోండి. బోర్డు ఉంటే ఫొటో తీయండి. పక్కన ఉన్న ఇద్దరిని సాక్షులుగా ఉంచుకోండి.

రెండు. కమిషనరుకు అర్జీ రాయండి. ఒక పేజీ చాలు. తిట్లు వద్దు, కన్నీళ్లు వద్దు. నాలుగు ప్రశ్నలు వెయ్యండి. రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డు నంబరు, ముద్ర వేయించుకోండి. "పెట్టిపో, చూస్తాం" అంటే కదలొద్దు. అప్పటికీ తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు దాచుకోండి. ముద్ర లేని అర్జీ ఆఫీసులో పుట్టనట్టే లెక్క.

మూడు. 2005 సమాచార హక్కు చట్టం. పది రూపాయల ఫీజు. ఆర్డరు నకలు అడగండి. ప్రవేశ రుసుము పెట్టి ఉంటే, ఆ కౌన్సిల్ తీర్మానం నంబరు అడగండి. పార్కును కాంట్రాక్టరుకు ఇచ్చి ఉంటే, ఒప్పందం నకలు అడగండి. ఆ చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, తీసుకున్న నిర్ణయానికి కారణాలు బాధితులకు చెప్పాలని. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. "అలాంటి ఆర్డరు ఏదీ మా వద్ద లేదు" అని జవాబు వచ్చిందా? అంతకన్నా మంచి ఆయుధం లేదు. ఆ కాగితం పట్టుకుని గేటు కాడికి పోండి.

నాలుగు. సోమవారం కలెక్టరాఫీసు. ప్రజావాణి అన్నారు, మీకోసం అన్నారు, స్పందన అన్నారు, 2024 తర్వాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. పేరు మారింది, క్యూ మారలేదు. అయినా పోండి. పది మంది కలిసి పోండి. అర్జీ నంబరు తీసుకోండి. సమస్య తీరకుండానే 'పరిష్కరించబడినది' అని మూసేస్తే, మళ్లీ తెరిపించండి.

అయిదు. కోర్టు. "పార్కు గురించి అడగడానికి నువ్వెవడివి?" అంటారు. 1991లోనే సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు స్థలాన్ని ఒక ట్రస్టుకు ఆసుపత్రి కోసం ఇచ్చేస్తే, అక్కడ ఇళ్లున్న మామూలు జనం కేసు వేసి గెలిచారు. పార్కు పోతే నష్టపోయేది ఆ ఊరివాళ్లే కాబట్టి, అడిగే హక్కు వాళ్లకే ఉంది. లాయరుకు డబ్బుల్లేవా? జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం దళితులకు, గిరిజనులకు, ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. అయితే రిట్ వెయ్యాలంటే అమరావతికి పోవాలి. రాత్రంతా ప్రయాణం, లాడ్జి, లాయరు, మళ్లీ వాయిదా. 1937 శ్రీబాగ్ ఒప్పందం నాటి హైకోర్టు మాట ఎందుకంత ముఖ్యమో పార్కు గేటు కాడ నిలబడినా అర్థమవుతుంది. అందుకే ముందు నాలుగు మెట్లూ గట్టిగా ఎక్కండి. చాలా గేట్లు అక్కడే తెరుచుకుంటాయి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఎవరినీ ఎప్పుడూ ఆపకూడదని నేను అనడం లేదు. ఆడపిల్లల వెంటపడేవాణ్ణి, తాగి సీసాలు పగలగొట్టేవాణ్ణి ఆపాల్సిందే. కానీ వానికైనా నోటీసు ఇవ్వాలి, వాని మాట వినాలి, ఇన్నాళ్లని గడువు పెట్టాలి. వాడు చేసిన పనికి వాణ్ణి ఆపండి. వాని వయసు చూసి, బట్టలు చూసి, కులం చూసి, పక్కన ఎవరున్నారో చూసి కాదు. ఒకడు తప్పు చేశాడని ఊరందరికీ తాళం వెయ్యడం పాలన కాదు, బద్ధకం.

మన జిల్లా నుంచి కూలికి బెంగళూరు పోయినవాళ్లు ఎందరో! అక్కడ చాలా పార్కులు పట్టపగలు ఎండవేళ మూసేవారు. నడకకు వచ్చేవాని టైముకు తెరిచి, నీడ కోసం వచ్చే కూలివాని టైముకు తాళం! 2024 జూన్‌లో ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచే ఉంచాలని అక్కడి పాలికె నిర్ణయించింది. రాసిన రూలును రాసే మార్చారు. మన దగ్గర ముందు రూలైనా రాయించాలి కదా!

కాబట్టి ఈ సమావేశం నుంచి ఒక పని పెట్టుకుందాం. మీ వార్డులో ఉన్న ప్రతి పార్కు, ప్రతి మైదానం గేటు మీద ఏ బోర్డు ఉందో, ఎన్ని గంటలకు తెరుస్తున్నారో, ఎంత వసూలు చేస్తున్నారో, ఎవరిని ఆపుతున్నారో రాసుకు రండి. ఒక్కోదానికి ఒక్కో అర్జీ, పది రూపాయలు. మనం అడుక్కోవడానికి పోవడం లేదు. ఇంటిపన్ను కట్టినవాళ్లం, కుళాయి పన్ను కట్టినవాళ్లం, లెక్క అడగడానికి పోతున్నాం.

ఇకనుంచి ఎవరు "పైనుంచి ఆర్డరు" అన్నా, మన నోటి నుంచి ఒకటే మాట రావాలి: "సరే సారూ, ఆ కాగితం చూపించు!"